నేవీ నుంచి చెన్నై ఉద్యోగానికి: సీనియర్ నావికులు ముందుగా చక్కబెట్టుకోవలసిన పనులు

చీఫ్ పెట్టీ ఆఫీసరుగానో మాస్టర్ చీఫ్‌గానో విరమణకు దగ్గరపడి, చెన్నైలో స్థిరపడాలనుకుంటున్న తెలుగు నావికులు కనీసం రెండేళ్ల ముందే సన్నాహం మొదలుపెట్టాలి. యూనిఫాంలో ఉండగా షిప్స్ ఆఫీసులో ఒక్క దరఖాస్తుతో తేలిపోయే పని, విడుదలయ్యాక ఉత్తరప్రత్యుత్తరాలతో నెలల తరబడి సాగుతుంది.

అన్నిటికన్నా ముందు చూడవలసినవి పేర్లు. మన ఇళ్లలో ఇంటిపేరు ముందు వస్తుంది. తమిళనాడులో తండ్రి పేరు మొదటి అక్షరం ఇనీషియల్ అవుతుంది. అందువల్ల సర్వీసు రికార్డులో ఇంటిపేరుతో ఉన్న భార్య పేరు, చెన్నైలో తీసుకున్న ఆధార్‌లోనో బ్యాంకు ఖాతాలోనో మరో విధంగా ఉండడం చాలా మామూలు. నావికుడు బతికి ఉన్నంతకాలం ఈ తేడా ఎవరికీ కనబడదు. ఆయన పోయాక కుటుంబ పెన్షన్ కోసం వెళ్లిన ఆవిడకే అది అడ్డంకిగా నిలుస్తుంది. పదో తరగతి సర్టిఫికెట్, ఆధార్, పాన్, సర్వీసు రికార్డు పక్కపక్కన పెట్టుకుని, పిల్లల పుట్టిన తేదీలతో సహా, అక్షరం అక్షరం సరిచూసుకోండి. పెన్షన్ చేరే ఖాతాను భార్యతో కలిపి జాయింటుగా తెరవండి.

విరమణ ముందు జరిగే వైద్య పరీక్షను లాంఛనంగా భావించకండి. ఇంజన్ రూంలో ఏళ్ల తరబడి పనిచేసిన వారికి వినికిడి తగ్గి ఉంటే, ఆ విషయం అక్కడే రికార్డుకెక్కాలి. తరువాత నిరూపించడం ఎంతో కష్టం.

కమ్యూటేషన్, అంటే పెన్షన్‌లో కొంత భాగాన్ని ముందే ఒకేసారి మొత్తంగా తీసుకోవడం విషయంలో, నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. పెన్షన్‌లో 50 శాతం వరకు ముందుగా తీసుకునే వీలుంది గాని, ఆ భాగం మళ్లీ పూర్తిగా రావడానికి 15 ఏళ్లు పడుతుంది. కాబట్టి అంబత్తూరులోనో తాంబరంలోనో ఫ్లాటు కనబడిందన్న తొందరలో ఈ నిర్ణయం తీసుకోకూడదు.

ఇక ఉద్యోగం. ఎన్నూరు, కాట్టుపల్లి రేవులు, మణలి పరిశ్రమలు, అంబత్తూరు, సిరుసేరిలలోని డేటా సెంటర్లు, ఇవన్నీ డీజిల్ జనరేటర్లు, స్విచ్‌బోర్డులు, అగ్నిమాపక వ్యవస్థలు తెలిసినవారు అవసరమైన చోట్లే. అయితే నేవీ హోదాల పేర్లు అక్కడి హెచ్‌ఆర్ వారికి అర్థం కావు. బయోడేటాలో ‘ఇంజన్ రూం ఆర్టిఫిసర్, చీఫ్’ అని రాసి ఊరుకోకుండా, ‘ఎనిమిది మంది బృందంతో, బయటి సాయం అందని సముద్రంలో, నాలుగు డీజిల్ జనరేటర్ల మెయింటెనెన్స్, మరమ్మతులు, విడిభాగాల స్టాకు చూశాను’ అన్నట్టుగా, మీరు నిజంగా చేసిన పనిని, మీ అంకెలతో రాయండి. ఓడ సామర్థ్యం గురించిన వివరాలు మాత్రం ఎక్కడా రాయకూడదు.

ప్రభుత్వ ఉద్యోగాలవైపు చూసేవారు గుర్తుంచుకోవలసిన సంగతి ఒకటుంది. కేంద్ర ప్రభుత్వ గ్రూప్ సి పోస్టుల్లో మాజీ సైనికులకు 10 శాతం రిజర్వేషన్ ఉంది. వయసు లెక్కలో సర్వీసు కాలాన్ని తీసేసి, మరో మూడేళ్ల సడలింపు కూడా ఇస్తారు. డిగ్రీ లేకపోయినా, పదో తరగతితో 15 ఏళ్ల సర్వీసు పూర్తిచేసిన వారికి, డిగ్రీ అడిగే గ్రూప్ సి పోస్టుల్లో సాంకేతికం కానివాటికి అర్హత ఉంటుంది. సైనికుల పునరావాసం చూసే రక్షణ శాఖ విభాగం డైరెక్టరేట్ జనరల్ రీసెటిల్‌మెంట్ విరమణకు ముందు నడిపే కోర్సుల్లో కొన్ని 24 వారాల వరకు సాగుతాయి కనుక, ఎంచుకున్న కోర్సుకు దరఖాస్తు పెట్టి, మీ డివిజనల్ ఆఫీసరుతో సెలవు, విడుదల తేదీలు ముందే మాట్లాడుకోండి. విడుదలయ్యాక డిశ్చార్జ్ బుక్‌తో జిల్లా సైనిక బోర్డులో పేరు నమోదు చేయించుకుని, ఈసీహెచ్‌ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) కార్డులో భార్య, పిల్లల పేర్లు చేరాయో లేదో చూసుకోండి.