నైట్రేట్ బావికి రంపపు పొట్టు గోడ: ఫలితం రాకపోతే ఏం చూడాలి

చిత్తూరు పల్లెల్లో పాడి ఉన్న ఇంటి పెరట్లోనే పేడ దిబ్బ, నాలుగడుగులు వేస్తే తాగే బావి. దిబ్బ నుంచి నేలలోకి దిగి బావికి చేరే నైట్రేట్‌కు రంగు, రుచి, వాసన ఏవీ ఉండవు, పరీక్ష చేయిస్తేనే బయటపడుతుంది. లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లతో పసిబిడ్డకు పాలు కలపకండి. కాచినా పోదు, ఇంకా చిక్కబడుతుంది.

ముందు దిబ్బను దూరంగా బండపరుపు మీదికి మార్చాలి. నేలలోకి దిగిపోయినదానికి మందు రంపపు పొట్టు గోడ. నీళ్లొచ్చే దారికి అడ్డంగా కందకం తీసి రంపపు పొట్టు, ముతక ఇసుక కలిపి నింపుతారు. పొట్టును తినే సూక్ష్మజీవులు నీళ్లలో ప్రాణవాయువు అయిపోగానే నైట్రేట్‌లోని ఆక్సిజన్‌ను లాక్కుంటాయి. మిగిలిన నైట్రోజన్ గాలిలో కలిసిపోతుంది.

సమస్య: గోడ కట్టి నెలలైనా బావిలో నైట్రేట్ తగ్గలేదు.
గోడకూ బావికీ మధ్య ఉన్న పాత నీళ్లు పోవడానికే చాలా కాలం పడుతుంది. అందుకే గోడ దాటిన వెంటనే ఒక గుంత వేసి అక్కడి నీళ్లు పరీక్షించండి. అక్కడా తగ్గకపోతే నీళ్లు గోడను తప్పించుకుని పోతున్నాయన్నమాట. నేల వాలును చూసి దారి ఊహించడమే ఎక్కువమంది చేసే తప్పు. ముక్కోణంగా మూడు గుంతలు వేయండి. మేస్త్రీలు వాడే లెవల్ ట్యూబుతో మూడు గుంతల అంచుల ఎత్తు చూసుకుని, అక్కడి నుంచి నీళ్లు ఎంత లోతున ఉన్నాయో తాడుతో కొలవండి. ఏ వైపు మట్టం తక్కువో నీళ్లు ఆ వైపే పారతాయి. గోడ దానికి అడ్డంగా లేకపోతే పొడిగించాలి.

సమస్య: గోడకు ఎగువన నీటి మట్టం పెరిగింది.
బంకమట్టి కలిసి గోడ బిగుసుకుపోయింది. న్యూజిలాండ్‌లో ఒక గోడ బిగుసుకుపోయి నీళ్లు కింది నుంచి జారిపోయాయి. తవ్విన మట్టిని మళ్లీ కలపకుండా పెద్ద చెక్క ముక్కలు, ముతక ఇసుకతో నింపండి. గట్లు కూలతాయి, కందకంలోకి మనిషిని దించకుండా జేసీబీతోనే చేయించండి.

సమస్య: మొదట్లో నీళ్లు టీ రంగులో, కుళ్లిన గుడ్డు వాసనతో వస్తున్నాయి.
కొత్త పొట్టు ఊట అది. రానురాను తగ్గుతుంది, అందాకా తాగకండి.

సమస్య: నైట్రేట్ వానల్లో తగ్గి, వేసవిలో మళ్లీ పెరిగింది.
నీటి మట్టం గోడ అడుగు కంటే కిందికి పోయింది. మే నెల మట్టం కొలిచి, అంతకంటే లోతుగా గట్టి రాయి తగిలేదాకా తవ్వించాలి. నీళ్లు రాతి పగుళ్లలోంచే వస్తుంటే, లోతు బోరైతే, ఏ కందకమూ అందుకోలేదు. అక్కడ గోడకు పెట్టే డబ్బును తాగే నీళ్ల ఆర్వో ప్లాంటుకు పెట్టండి.