పవర్ మీటర్ పెడల్స్ ఎన్నేళ్ళు వస్తయి, ఎట్లా చూసుకోవాలి

మొన్న గండిపేట రైడ్‌లో ఒక తమ్ముడు అడిగిండు, అన్నా ఇంత పెట్టి కొంటున్నం కదా ఈ పవర్ మీటర్ పెడల్స్, అంటే మనం ఎన్ని వాట్ల పవర్‌తో తొక్కుతున్నమో కొలిచే పెడల్స్, ఎన్నేళ్ళు వస్తయి అని. ఏళ్ళ లెక్క చెప్పలేం గానీ ఏది ముందు పోతదో చెప్పొచ్చు. మొదట షూ కింద క్లీట్, అంటే షూని పెడల్‌కి పట్టించే ముక్క, అరుగుతది, తర్వాత పెడల్ బాడీ, దాంట్లో బేరింగులు, ఆ తర్వాత బ్యాటరీ వంతు. అసలు ఖరీదంతా స్పిండిల్‌లో, అంటే పెడల్ మధ్యలోని ఇరుసులో ఉంటది, మనం తొక్కినప్పుడు అది వెంట్రుకవాసి వంగుతది, లోపల అంటించిన స్ట్రెయిన్ గేజ్‌లనే సెన్సర్లు ఆ వంపుని కొలుస్తయి. లోపలికి నీళ్ళు పోకుండా, దెబ్బ తగలకుండా చూసుకుంటే స్పిండిల్ గట్టిగానే ఉంటది. బాడీ అంటారా, టైరు లాగే, అరిగితే మార్చుడే.

వానలో తొక్కితే ఏం కాదు, దానికి తట్టుకునేట్టే చేస్తరు. కానీ వాటర్ సర్వీసింగ్ షాపులో బండ్లతో పాటు సైకిల్‌ని కూడా నిలబెట్టి గన్‌తో కొట్టించకండి, ఆ ప్రెషర్‌కి సీల్ దాటి నీళ్ళు లోపలికి పోతయి, బేరింగ్ గ్రీజు కొట్టుకుపోతది. తడిబట్ట, కొంచెం సబ్బునీళ్ళు చాలు. చైన్ మీద కొట్టే స్ప్రేలు పెడల్ మీద పడనీయకండి. నెలకోసారి పెడల్‌ని పట్టుకుని పైకీ కిందికీ ఊపి చూడండి, కొంచెం ఆడినా, తిప్పితే ఇసుక నలిగినట్టు కరకర అన్నా బేరింగుల పని పడ్డట్టే.

బ్యాటరీ సంగతి. ఫావెరో అసియోమా డ్యుయో లాంటి చార్జింగ్‌వి ఒక చార్జికి కనీసం 50 గంటలు, గార్మిన్ ర్యాలీ 200 లాంటి బటన్ సెల్స్‌వి 120 గంటల దాకా అని కంపెనీ లెక్క. చార్జింగ్‌వి ఖాళీ చేసి నెలల తరబడి పక్కన పడేయొద్దు, తొక్కకపోయినా రెండు మూడు నెలలకోసారి కొంత ఎక్కించండి. ఇండోర్ ట్రైనర్ వాళ్ళకి చెమటే పెద్ద శత్రువు, చార్జింగ్ పిన్నుల మీద ఉప్పు ఉండగానే చార్జర్ తగిలిస్తే పిన్నులు తినేస్తది, తుడిచి పెట్టండి. బటన్ సెల్స్ అయితే ఎల్ఆర్44 (ఆల్కలైన్) కంటే ఎస్ఆర్44 (సిల్వర్ ఆక్సైడ్) మేలు, దాని వోల్టేజి చివరిదాకా నిలకడగా ఉంటది. రెండు పెడల్స్‌లో ఒకేసారి మార్చండి.

ఇంక నా కథ. ఒకసారి సైకిల్ ప్యాక్ చేసి ఊరెళ్ళొచ్చాక బ్యాలెన్స్, అంటే మొత్తం పవర్‌లో ఏ కాలి వాటా ఎంతో, ఎడమ 56 శాతం, కుడి 44 చూపించడం మొదలైంది. నా కుడికాలు వీక్ అయిందనుకుని మూడు వారాలు ఒంటికాలి ఎక్సర్‌సైజులు చేసిన, ఇంట్లో అందరూ నవ్విండ్రు. తీరా చూస్తే కుడి పెడల్ సరిగ్గా బిగించనే లేదు! బిగువు తక్కువైతే రీడింగ్ కూడా తేడా వస్తది. టార్క్ రెంచ్ (ఎంత బిగువుకి బిగిస్తున్నమో చూపించే పానా) ఉంటే మీ మాన్యువల్‌లో ఉన్న అంకెకి బిగించండి, సుమారు 34 న్యూటన్ మీటర్లు చాలా పెడల్స్‌కి సరిపోతది. పెడల్ మరలకి కొంచెం గ్రీజు రాయండి. ఎడమ పెడల్‌కి మరలు రివర్స్, అది మర్చిపోయి బలం పెట్టారో క్రాంక్, అంటే పెడల్ బిగించే చెయ్యి, పోతది. బిగించినాక కొన్ని సార్లు గట్టిగా తొక్కి, అప్పుడు జీరో ఆఫ్‌సెట్ చెయ్యండి, అంటే పెడల్ మీద బరువు లేనప్పుడు రీడింగ్‌ని సున్నాకి సెట్ చేసుడు.

జీరో ఆఫ్‌సెట్ ప్రతి రైడ్ ముందు చేస్తే మంచిది, కానీ ఏసీ రూములోంచి తీసి మే నెల ఎండలో పెట్టిన మరు నిమిషమే చేస్తే లాభం లేదు, పది పదిహేను నిమిషాలు ఆ వేడికి అలవాటు పడనీయండి. యాప్‌లో క్రాంక్ పొడవు కూడా ఒకసారి చూసుకోండి, 170 మిల్లీమీటర్లు ఉన్న క్రాంక్‌కి 172.5 అని పెడితే 200 వాట్స్ మీద మూడు వాట్లు ఎక్కువ కనిపిస్తయి.

ఇవన్నీ చేసినా నంబర్ మీద డౌట్ ఉంటే బరువు వేలాడదీసి చూడండి. 20 కిలోల జిమ్ ప్లేట్ తీసుకుని, కిరాణా షాపు కాంటా మీద మళ్ళీ తూచుకోండి, ప్లేట్ మీద రాసింది నమ్మొద్దు. జీరో చేసి, క్రాంక్‌ని ముందుకి, నేలకి సమాంతరంగా పెట్టి, వెనక బ్రేక్ గట్టిగా పట్టి, పెడల్ మధ్యలోంచి పట్టీతో వేలాడదీసి టార్క్ (తిప్పే బలం) రీడింగ్ చూడండి. 170 క్రాంక్‌కి 20 × 9.81 × 0.17, అంటే 33.35 న్యూటన్ మీటర్లు రావాలి. రెండో వైపు కూడా ఇట్లనే. 33కీ 33.7కీ మధ్యన ఉంటే మీ పెడల్ మంచిగనే ఉంది. 31, 32 అంటుంటే బిగువు, క్రాంక్ పొడవు, జీరో మళ్ళీ ఒకసారి చూసి, అప్పటికీ అంతే ఉంటే వారంటీ క్లెయిమ్‌కి పోండి. మెయిల్‌లో తేదీతో సహా ఈ అంకెలు, ఫోటో పెడితే మీరు సైకిల్ సరిగ్గా తొక్కట్లేదేమో అనే జవాబు రాదు.