గానుగ నూనె నిజంగా ఎవరు కొంటారు? ఇంటింటి సర్వే ఎలా చేయాలి?

గానుగ పెట్టి వ్యాపారం చేయాలనుకునే కుర్రాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. చాలామంది చేతిలో ఒక సర్వే రిపోర్టు కూడా ఉంటుంది. "స్వచ్ఛమైన నూనె దొరికితే కొంటారా?" అని అడిగితే ఊరు ఊరంతా "ఎందుకు కొనం, కొంటాం" అందని అందులో రాసి ఉంటుంది. దాన్ని నమ్ముకుని అప్పు తెచ్చి యంత్రం దింపుతారు. ఏడాది తిరిగేసరికి ఆ నూనె డబ్బాలు చుట్టాలిళ్లకు కానుకలుగా వెళ్తుంటాయి.

నా బతుకంతా ఇంటింటి సర్వేలతోనే గడుస్తోంది. సబ్బు దగ్గర్నుంచి సెల్‌ఫోన్ రీఛార్జి దాకా జనాన్ని అడగనిది లేదు. ఇక్కడ చెప్పే పద్ధతి ఏ సరుకుకైనా పనికొస్తుంది. నూనెను ఎంచుకోవడానికి కారణం ఉంది. అది ప్రతి ఇంట్లో ఉంటుంది, దాని ధర అందరికీ తెలుసు, చెప్పిన మాటకీ వాడకానికీ ఉన్న తేడా వంటింట్లోనే పట్టుబడుతుంది.

1. ఏం తేలాలో ఒక వాక్యం రాసుకోండి

"ఈ మండలంలో ఎన్ని ఇళ్లు నేను పెట్టే ధరకు నెలకో లీటరు డబ్బిచ్చి కొంటాయి?" అంతే. ఫారంలో ఈ వాక్యానికి అక్కరకు రాని ప్రశ్న ఏదున్నా కొట్టేయండి. పదిహేను ప్రశ్నలు దాటాయంటే పొయ్యి మీద కూర మాడుతుంటుంది, ఇల్లాలు నోటికొచ్చింది చెప్పి మిమ్మల్ని పంపించేస్తుంది.

2. సామాను

కాగితం ఫారాలు, అట్ట, రెండు బాల్‌పెన్నులు, నీళ్ల సీసా, గొడుగు. ఫోన్ యాప్ వద్దు. తల వంచుకుని స్క్రీన్ నొక్కుకునే మనిషితో ఎవరూ మనసిచ్చి మాట్లాడరు. ఇక వాట్సాప్ గ్రూపుల్లో గూగుల్ ఫారం పంపి దాన్నే సర్వే అనేవాళ్లున్నారు. ఆ గ్రూపులో ఉండేది మీ స్నేహితులు, వాళ్ల బావమరుదులు. వాళ్లు మీ మొహం చూసి టిక్కు పెడతారు.

3. ఇళ్లు ఎంచుకోవడం

పెద్ద కంపెనీలు 400 ఇళ్లు అడుగుతాయి. పద్ధతిగా ఎంచుకుంటే ఆ సంఖ్యకు లెక్కలో తేడా చాలావరకు అటూ ఇటూ 5 శాతానికి మించదు. మీ గానుగకు 80 ఇళ్లు చాలు, నాలుగు ఊళ్లలో ఇరవై చొప్పున. ఊళ్లో గుడో బడో ఒక గుర్తు పట్టుకుని, కుడిచేతి వైపు తిరుగుతూ ప్రతి ఐదో ఇంటి తలుపు కొట్టండి. తాళం వేసి ఉంటే సాయంత్రం మళ్లీ వెళ్లాలి, పక్కింటికి కాదు. రోడ్డు పక్క డాబా ఇళ్లు చూసుకుని వచ్చేయకండి. ఊరి చివరి కాలనీకీ, పొలాల దగ్గరి ఇళ్లకూ వెళ్లకపోతే మీరు సర్వే చేసింది ఊరిని కాదు, సెంటర్‌ని.

మిరపకోతలప్పుడు, నాట్లప్పుడు వెళ్లడం దండగ. ఆడవాళ్లు పొద్దున్నే కూలికి వెళ్లిపోతారు, ఇంట్లో దొరికే ముసలాయనకి నూనె ధర తెలియదు. మామూలు రోజుల్లో పదకొండు తర్వాత, మళ్లీ నాలుగు తర్వాత.

ఆదాయం అడగొద్దు. ఎవరూ నిజం చెప్పరు, చెప్పాల్సిన అవసరమూ లేదు. ఇంటి స్థోమత తేల్చడానికి 2011 నుంచి మన దేశంలో మార్కెట్ పరిశోధన చేసేవాళ్లు వాడుతూ వచ్చిన వర్గీకరణ ఒకటుంది. ఇంటికి ఎక్కువ సంపాదించి పెట్టే మనిషి చదువు ఒకవైపు, ఫ్రిజ్, ఫ్యాను, బండి, వాషింగ్ మెషిన్ లాంటి 11 వస్తువుల్లో ఆ ఇంట్లో ఎన్ని ఉన్నాయన్నది మరోవైపు. సగం వస్తువులు గుమ్మంలో నిలబడితేనే కనిపిస్తాయి.

4. అడగడం

పనంతా చెడేది ఇక్కడే. అందుకే ఇక్కడ కాస్త నిదానించండి.

మొదటిది, మీరు నూనె అమ్మబోతున్నారన్న సంగతి ప్రశ్నలయ్యేదాకా చెప్పొద్దు. మన ఊళ్లలో ఇంటికొచ్చిన మనిషిని నొప్పించరు. గానుగ పెడుతున్నానని చెప్పగానే ఆవిడకి మీరు బాగుపడాలనిపిస్తుంది, "మంచి పని బాబూ, తప్పకుండా కొంటాం" అంటుంది. అది దీవెన. దాన్ని ఫారంలో గిరాకీ కింద రాసుకోకండి. "ఇళ్లలో వంటనూనెల వాడకం మీద తిరుగుతున్నామమ్మా, తర్వాత ఒక కొత్త నూనె కూడా చూపిస్తాం" అనండి చాలు. అది నిజమే కూడా. వయసును బట్టి అమ్మా, అక్కా, పిన్నిగారూ అనండి. ఆంటీ అని మాత్రం పిలవకండి.

రెండోది, "మామూలుగా ఏ నూనె వాడతారు?" అని అడగొద్దు. మామూలుగా అనగానే మనిషి తాను ఎలా ఉండాలనుకుంటుందో అలా చెబుతుంది. "పల్లీ నూనేనండీ" అంటుంది. అదే "మొన్న చివరిసారి తెచ్చిన నూనె ప్యాకెట్ ఒకసారి చూపిస్తారా అమ్మా?" అని అడగండి. లోపల్నుంచి స్టీలు గ్లాసులో నిలబెట్టిన పామాయిల్ ప్యాకెట్ వస్తుంది, మూతికి రబ్బరుబ్యాండు చుట్టి. పల్లీ నూనె కూడా ఉంటుంది, పావు వంతు మిగిలిన సీసాలో. అది పచ్చడి పోపుకీ, అల్లుడొచ్చినప్పటికీ. ఆవిడ అబద్ధమాడలేదు. ఇంట్లో రెండు నూనెలకి రెండు పనులున్నాయి. మీ గానుగ నూనె ఏ పనికి పోటీ పడుతుందో ఆ గ్లాసునీ సీసానీ పక్కపక్కన చూస్తే తెలుస్తుంది. వేపుళ్ల నూనె జోలికి మీరు వెళ్లలేరు. ధర అక్కడ రెండింతలు, ఒక్కోచోట మూడింతలు తేడా.

ప్యాకెట్ చేతికొచ్చాక దాని మీద అంకె చదవండి. ఆవిడ లీటరంటుంది. లీటరు నూనె అంటే 910 గ్రాములు, కానీ బజారులో 850, 800 గ్రాముల ప్యాకెట్లు కూడా అదే సైజులో కనిపిస్తాయి. నెలకు నాలుగు "లీటర్లు" అని రాసుకుంటే లెక్క ఎక్కడికక్కడ ఉబ్బిపోతుంది.

మూడోది, ఎన్నాళ్ల వెనక్కి అడుగుతున్నారన్నది. వారమా, నెలా? ఇదేం పెద్ద విషయం అనుకునేవాళ్ల కోసం ఒక ముచ్చట. మన జాతీయ నమూనా సర్వే వాళ్లు 1999-2000లో ఒకే ఇంట్లో తిండి ఖర్చుని గడిచిన 7 రోజులకూ 30 రోజులకూ పక్కపక్క గడుల్లో అడిగారు. వారానికి అడిగితే తిండి లెక్క ఎక్కువగా వస్తుందని అంతకుముందు ప్రయోగాల్లోనే తెలుసు. రెండూ పక్కపక్కనే అడిగేసరికి వారం జవాబు నెల జవాబుని పైకి లాగిందంటారు. పేదరికాన్ని కట్టేది ఆ ఖర్చు లెక్కతోనే. అధికారిక లెక్కల్లో పేదరికం 1993-94లోని 36 శాతం నుంచి 26కి పడింది. అందులో నిజంగా తగ్గిందెంత, ప్రశ్న మార్చడం వల్ల తగ్గిందెంత అని ఆర్థికవేత్తలు ఏళ్ల తరబడి తగువులాడుకున్నారు. అంత పెద్ద వ్యవస్థే ఒక గడి దగ్గర ఇబ్బంది పడింది. 2022-23 కుటుంబ వ్యయ సర్వేలో వంటనూనెని 7 రోజులకే అడిగారు, బట్టలూ ఫ్రిజ్‌లూ ఏడాదికి. మీరూ నూనెని వారానికే అడగండి, నెల గడి ఫారంలో పెట్టనే పెట్టొద్దు. "ఈ ప్యాకెట్ ఎప్పుడు విప్పారు? ఇప్పుడెంత మిగిలింది?" ఈ రెండూ తెలిస్తే వారం లెక్క మీరే కట్టుకోవచ్చు.

ధరలు ఎగబాకిన వారంలో కూడా వెళ్లకండి. 2022లో ఉక్రెయిన్ యుద్ధంతో పొద్దుతిరుగుడు నూనె మండిపోయింది, ఆ ఏప్రిల్‌లో ఇండోనేషియా పామాయిల్ ఎగుమతి ఆపేసింది. అలాంటప్పుడు అడిగితే జనం చెప్పేది అలవాటు కాదు, కంగారు.

నాలుగోది, అన్నిటికన్నా పెద్దది. "ఇంత ధరకి కొంటారా?" అన్న ప్రశ్న వేయొద్దు. ఏ రూపంలోనూ వద్దు. దాని బదులు చీటీల పద్ధతి ఉంది. బెకర్, డిగ్రూట్, మార్షాక్ అనే ముగ్గురు పరిశోధకులు 1964లో చెప్పింది. ఉత్తర ఘానా పల్లెల్లో నీటి ఫిల్టర్లకు జనం ఎంత పెడతారో తేల్చడానికి కూడా పరిశోధకులు దీన్నే వాడారు. అక్కడ పనిచేసింది ఇక్కడా పనిచేస్తుంది.

అరలీటరు సీసా ఎదురుగా పెట్టండి. ఒక గ్లాసులో 60 రూపాయల నుంచి 220 దాకా రాసిన చీటీలు మడిచి వేయండి. మాటలు ఇలా ఉండాలి:

"అక్కా, ఈ సీసాకి మీరు మహా అయితే ఎంత పెడతారో చెప్పండి. తర్వాత మీ చేత్తోనే ఒక చీటీ తీయండి. అందులో ధర మీరు చెప్పినంత ఉన్నా, తక్కువున్నా, చీటీ ధరకే సీసా మీది, డబ్బు ఇప్పుడే ఇవ్వాలి. ఎక్కువుంటే సీసా లేదు, బేరం లేదు."

ఇందులో కిటుకు చూడండి. తక్కువ చెబితే కావాల్సిన సీసా చేజారొచ్చు. ఎక్కువ చెబితే ఇష్టం లేని ధర కట్టాల్సి రావొచ్చు. ఉన్నదున్నట్టు చెప్పడమే లాభం. కానీ మనవాళ్లు పుట్టుబేరగాళ్లు, మొదట సగం ధర చెప్పి చూస్తారు. అందుకే నూనెకి ముందు ఒక బిస్కెట్ ప్యాకెట్‌తో ఆట ఆడించండి. ఒకసారి చీటీ ఎక్కువ వచ్చి ప్యాకెట్ చేజారితే పద్ధతి దానంతటదే అర్థమవుతుంది. తర్వాత నూనె ధర చెప్పించి, చీటీ తీయకముందే అడగండి: "మీరు 120 అన్నారు. 130 వస్తే వదులుకుంటారా?" "130 అయితే తీసుకుంటా" అంటే 130 రాసుకుని మళ్లీ పైకి వెళ్లండి. "వద్దు" అనేదాకా.

చీటీ తీశాక మాత్రం కరగొద్దు. "పోనీలే బాబూ, పది రూపాయలేగా" అంటారు, పక్కింటావిడ వత్తాసు పలుకుతుంది. ఒక్కచోట ఒప్పుకున్నారంటే కబురు మీకంటే ముందే వీధి చివరికి చేరుతుంది. ఇక ఆ వీధిలో వచ్చే అంకెలన్నీ బేరాలే. ఒక వీధిలో చీటీల పని ఒకే పూటలో ముగించమనేది కూడా ఇందుకే.

ఇంకో చిక్కుంది. పొద్దున పదకొండింటికి చాలామంది ఆడవాళ్ల చేతిలో వంద రూపాయలుండవు. డబ్బు లేక తక్కువ చెప్పడం వేరు, ఇష్టం లేక తక్కువ చెప్పడం వేరు. అందుకని మొదటి రోజు ప్రశ్నలు మాత్రం అడిగి, సీసా చూపించి, "రేపు ఇదే వేళకి వస్తాం, కొనాలనుకుంటే డబ్బు దగ్గరుంచుకోండి" అని చెప్పి రండి. ఖర్చు రెట్టింపవుతుందని ఇక్కడే కక్కుర్తి పడతారు. ఒక సంస్థ నా చేత ఒకే పూటలో రెండూ చేయించింది. వచ్చిన ధరలు ఎంత తక్కువంటే ఆ సరుకునే పక్కన పెట్టేశారు.

పదిమందిని కూర్చోబెట్టి మాట్లాడించే గ్రూప్ చర్చల సంగతి అడుగుతారేమో. టీ, సమోసాల ఖర్చు దండగ. గట్టిగా మాట్లాడే ఒకావిడ అభిప్రాయం తొమ్మిది మందిది అవుతుంది.

5. కిరాణా కొట్టు

ఊరికి రెండు కొట్లు చాలు. ఏ నూనె వారానికి ఎన్ని కేసులు దిగుతుందో అడగండి. అంతకన్నా ముఖ్యం ఖాతా పుస్తకం. పామాయిల్ అమ్ముడుపోవడానికి ధరొక్కటే కారణం కాదు, కొట్టాయన దాన్ని అరువిస్తాడు. పంట డబ్బో కూలి డబ్బో వచ్చాక తీరుస్తారు. మీ గానుగ దగ్గర "అరువు రేపు" బోర్డు ఉంటుంది. అందుకే ఇంటి ఫారంలో "చివరి ప్యాకెట్ నగదా, ఖాతానా?" అన్న గడి తప్పకుండా ఉండాలి.

6. లెక్క

ఏ రోజు ఫారాలు ఆ రాత్రే చూసేయండి. చీటీల ముందు చెప్పిన చివరి ధరలన్నీ పెద్ద నుంచి చిన్నకి వరసగా రాయండి. అరలీటరుకి మీరు పెట్టబోయే ధర దగ్గర గీత గీసి, పైన ఎన్ని ఇళ్లున్నాయో లెక్కపెట్టండి. ఆ ఇళ్లలో ఖాతా మీద కొనేవి ఎన్నో విడిగా తీయండి. మనుషుల్ని పెట్టి చేయించినట్టయితే ప్రతి పదిళ్లలో ఒకదానికి మీరే వెళ్లి "మొన్న మావాళ్లొచ్చారా, ప్యాకెట్ చూశారా?" అని అడగండి. టీకొట్టు బల్ల మీద నింపిన ఫారాలు అక్కడే దొరికిపోతాయి. వాటిలో పెన్ను రంగు మారదు, దిద్దుబాట్లుండవు, అన్ని ఇళ్లలోనూ ప్యాకెట్ సరిగ్గా సగం మిగిలి ఉంటుంది. అలాంటి కట్ట కనిపిస్తే చించేసి, ఆ వీధికి మళ్లీ మొదటి ఇంటి నుంచి మీరే వెళ్లండి.