రామప్ప మదనికలను టెలీఫోటో లెన్సుతో ఫొటో తీయడం ఎలా?

రామప్ప గుడికి వెళ్లినవాళ్లలో చాలామంది మదనిక (చూరు కింద ఉండే స్త్రీ శిల్పం) కిందే నిలబడి, ఫోన్ పైకెత్తి ఫొటో తీస్తారు. ఇంటికొచ్చి చూసుకుంటే గడ్డం కింది భాగం, వెనక తెల్లగా వెలిసిపోయిన ఆకాశం కనిపిస్తాయి. నడుము వంపు, హారంలోని పూసలు మాత్రం కనిపించవు. కాస్త వెనక్కి నడిచి, దూరంలో ఉన్నదాన్ని పెద్దగా చూపించే టెలీఫోటో లెన్సు వాడితే ఆ చెక్కడమంతా దక్కుతుంది.

ముందు వెలుతురు చూసుకోండి

లెన్సు దూరాన్ని దగ్గర చేస్తుంది, అంతే. ఉలి ఎంత లోతుకు దిగిందో చూపించేది నీడ. ఎండ ఎదురుగా పడితే శిల్పం పలచని బొమ్మలా కనిపిస్తుంది. పక్క నుంచి ఏటవాలుగా పడితే ప్రతి గాటూ లేచి నిలబడుతుంది.

గుడి తూర్పు ముఖంగా ఉంటుంది. మదనికలు తూర్పు, ఉత్తర, దక్షిణ ద్వారాల దగ్గర చూరు కింద ఉంటాయి. చలికాలంలో సూర్యుడు దక్షిణంగా వాలి తిరుగుతాడు కాబట్టి ఉదయం, సాయంత్రం దక్షిణం వైపు పని పెట్టుకోండి. ఉత్తరం వైపుకి ఏటవాలు ఎండ కావాలంటే మే, జూన్ నెలల్లో పొద్దున్నే వెళ్లాలి. నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు మదనికల జోలికి పోకుండా, పీఠం మీది ఏనుగుల వరుసనో, ఇంకో చెక్కడాన్నో చూసుకోండి.

నల్లరాయికి నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మబ్బు పట్టిన రోజు. గోడలు ఎర్ర ఇసుకరాయి, మదనికలు మాత్రం నున్నగా మెరుగుపెట్టిన డోలరైట్ అనే నల్లరాయి. 1213లో కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి ఇది, ఇన్ని వందల ఏళ్ల తర్వాత కూడా ఆ మెరుపు పోలేదు. గట్టి ఎండలో ఆ మెరుపే తెల్లటి మచ్చలవుతుంది. మబ్బు రోజున మాత్రం చెంప మీద, మోకాలి మీద మెత్తని వెలుగు గీతలా పరుచుకుంటుంది. మీరు అర అడుగు పక్కకు జరిగితే ఆ గీత కూడా జరుగుతుంది. అది ముఖం మీదికి సరిగ్గా వచ్చే చోటు దొరికేదాకా ఓపిగ్గా అటూ ఇటూ జరగండి.

ఎంత దూరం నుంచి?

శిల్పం మీ కంటికన్నా 3 మీటర్లు పైన ఉందనుకుందాం. 3 మీటర్ల దూరంలో నిలబడితే కెమెరా 45 డిగ్రీలు పైకెత్తాలి. 12 మీటర్లకు వెళ్తే 14 డిగ్రీలు చాలు. అక్కడి నుంచి ఫుల్‌ఫ్రేమ్ (36×24 ఎంఎం సెన్సర్ ఉన్న) కెమెరాలో, లెన్సు 200 ఎంఎం దగ్గర పెడితే, నిలువు ఫ్రేములో సుమారు 2 మీటర్ల ఎత్తు పడుతుంది.

అయితే మదనికలు నిటారుగా ఉండవు. పైభాగం చూరు వైపు ముందుకు వాలి ఉంటుంది, ముఖం మన వైపు వంగినట్టుంటుంది. అందుకే మరీ దూరం పోకుండా నాలుగైదు చోట్ల ఆగి ఒక్కో ఫొటో తీసి పోల్చి చూడండి. పక్క నుంచి కూడా ఒకటి తీయండి, ఆ వాలు అందులోనే తెలుస్తుంది.

కెమెరా సెట్టింగులు

అపర్చర్ (లెన్సులో వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్/8 పెట్టండి. 200 ఎంఎం దగ్గర 12 మీటర్ల దూరానికి మీటరుకు పైగా లోతు స్పష్టంగా వస్తుంది, 5 మీటర్లకైతే సుమారు 30 సెంటీమీటర్లే. ఫోకస్ కంటి మీద ఉంచండి. చేత్తో పట్టుకుంటే షటర్ వేగం 1/250 సెకను కన్నా తగ్గనివ్వకండి, దానికోసం ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) పెంచినా ఫరవాలేదు. ట్రైపాడ్ వాడాలనుకుంటే ముందే పురావస్తు శాఖ అనుమతి అడగండి. చెయ్యి కదలకుండా ఉండాలని చెక్కిన స్తంభానికి మాత్రం ఆనుకోవద్దు.

ఫ్రేమంతా నల్లరాయే ఉంటే కెమెరా దాన్ని బూడిద రంగుకు తెస్తుంది, కాబట్టి ఎక్స్‌పోజర్ అర నుంచి ఒక స్టాప్ తగ్గించండి (ఒక స్టాప్ అంటే వెలుతురు సగం). వెనక ఆకాశం ఉంటే ఇది తిరగబడుతుంది, శిల్పం చీకటైపోతుంది. అప్పుడు స్పాట్ మీటరింగ్‌తో (ఫ్రేములో ఒక చిన్న చోటి వెలుతురునే కొలిచే పద్ధతి) రాయిని కొలవండి. వైట్ బ్యాలెన్స్ (రంగుల సర్దుబాటు) ఆటోలో వదిలితే ఇసుకరాయి ఎరుపు చచ్చిపోవచ్చు. డే లైట్‌లో పెట్టి, రా ఫైల్ (తర్వాత రంగులు సరిదిద్దుకోగలిగే అసలు ఫైల్) తీసుకోండి. ఫ్లాష్ వద్దు.

ఫోన్‌తో తీసేవాళ్లు 3ఎక్స్ లేదా 5ఎక్స్ లెన్సు వాడండి. చీకటిగా ఉంటే చాలా ఫోన్లు మనకు తెలియకుండానే మెయిన్ కెమెరా బొమ్మనే కత్తిరించి చూపిస్తాయి. టెలీఫోటో లెన్సును వేలితో మూసి చూడండి. తెర నల్లబడకపోతే అది పనిచేయడం లేదన్నమాట.

ఎక్కడ తీశారో రాసుకోండి

దగ్గరి ఫొటోకు ముందు ఆ ద్వారమంతా కనిపించేలా ఒకటి తీయండి. "దక్షిణ ద్వారం, ఎడమ నుంచి రెండోది, ఉదయం" అని అక్కడే ఫోన్లో రాసుకోండి. ఇరవై ఫొటోలయ్యాక ఏ మదనిక ఎక్కడిదో గుర్తుండదు. గుడి చుట్టూ ప్రదక్షిణగా ఒకే వైపు తిరుగుతూ తీస్తే వరుస కూడా తప్పదు.