పట్టేసిన పాత డీజిల్ ఇంజన్‌ను విడిపించే విధానం: మెర్సిడెస్ 207 డి మోటార్‌హోమ్

జర్మనీలో ఉంటూ, లోపల పడకా వంటగదీ అమర్చిన పాత మెర్సిడెస్ 207 డి వ్యాను కొనుక్కున్న తెలుగువారిని దృష్టిలో పెట్టుకొని ఇది రాస్తున్నాను. 1977 నుంచి 1995 దాకా తయారైన ఈ శ్రేణికీ మన రోడ్ల మీద తిరిగే టెంపో ట్రావెలర్‌కూ దగ్గరి చుట్టరికం ఉంది. 207 డిలోని ఓఎం616 అనే 2.4 లీటర్ల ఇంజన్ ఆధారంగా తయారైన ఇంజన్లే ట్రావెలర్‌లోనూ చాలాకాలం నడిచాయి. సిలిండర్లుండే బ్లాకు, దాని మీద మూతలా కూర్చునే హెడ్డు రెండూ పోత ఇనుమువి కాబట్టి ఇది చాలా గట్టి ఇంజన్. అయితే ఏళ్ల తరబడి కదలకుండా నిలబడిపోతే ఎంత గట్టి ఇంజన్ అయినా పట్టేస్తుంది, అంటే లోపలి భాగాలు బిగుసుకుపోయి తిరగనంటుంది. పట్టేసిన ఇంజన్లలో చాలా వాటిని నాశనం చేసేది తుప్పు కాదు, వాటిని తొందరపడి బలవంతంగా తిప్పబోయిన చేతులే.

మొదట తేల్చుకోవలసింది అది ఎప్పుడు పట్టేసింది అన్నదే. నడుస్తూ వేడెక్కి ఆగిపోయిన ఇంజన్ అయితే బేరింగులు అతుక్కుపోయి గానీ పిస్టన్ బోరును, అంటే సిలిండర్ లోపలి గోడను, పట్టుకొని గానీ ఉంటుంది. అలాంటి ఇంజన్‌ను నూనె పోసి విడిపించే ప్రయత్నం వృథా. ఆయిల్ దింపి, దానిలో లోహపు మెరుపులు కనిపిస్తే చాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) విప్పించడం తప్ప దగ్గరి దారి లేదు. నిలబడి ఉండగానే పట్టేసిన ఇంజన్ సంగతి వేరు, ఇక్కడ చెప్పేది దాని గురించే.

అసలు పట్టేసింది ఇంజనేనా అన్నది కూడా చూసుకోవాలి. గేరు న్యూట్రల్‌లో పెట్టి, చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు వేసి, బెల్టులన్నీ తీసేయాలి. డైనమో గానీ వాటర్ పంపు గానీ బిగుసుకుపోయి ఉంటే ఇంజన్ మీద నింద పడుతుంది. సెల్ఫ్ మోటారు పళ్లు ఫ్లైవీల్ పళ్లలో ఇరుక్కుపోయినా ఇంతే, దాని బోల్టులు కాస్త వదులు చేస్తే చాలాసార్లు వదిలేస్తుంది. తరువాత క్రాంక్ పుల్లీ మధ్య బోల్టుకు 27 నంబరు సాకెట్, పొడవాటి కడ్డీ తగిలించి, ముందు నుంచి చూస్తే గడియారం ముల్లు తిరిగే వైపు నెమ్మదిగా తిప్పి చూడాలి. కదలకపోతే అక్కడితో ఆగాలి. గేరులో వేసి మరో బండితో లాగించడం మాత్రం ఎవరు సలహా ఇచ్చినా చేయకూడదు. రెండున్నర, మూడు టన్నుల బండి బరువంతా పిస్టన్‌ను క్రాంక్‌కు కలిపే ఒక్క కనెక్టింగ్ రాడ్ మీద పడితే అది వంగిపోతుంది.

ఇప్పుడు నాలుగు హీటర్ ప్లగ్గులు, అంటే చల్లటి ఇంజన్ స్టార్ట్ కావడానికి లోపల వేడి పుట్టించే ప్లగ్గులు, తీయాలి. దీని వెనక ఒక లెక్క ఉంది. ఒక్కో సిలిండర్ దాదాపు 600 సీసీలు, కంప్రెషన్ నిష్పత్తి 21కి 1. అంటే పిస్టన్ పైకి చేరినప్పుడు మిగిలే చోటు 30 సీసీలే, రెండు పెద్ద చెంచాల ద్రవం పట్టేంత. హెడ్డుకూ బ్లాకుకూ మధ్య ఉండే హెడ్ గ్యాస్కెట్ నుంచి కూలెంట్ అంతకు మించి దిగితే, నీరు నొక్కుకుపోదు కాబట్టి, ఇంజన్ రాయిలా ఆగిపోతుంది. ప్లగ్గులు తీశాక కడ్డీతో తిప్పితే ఇంజన్ కదిలి రంధ్రంలోంచి రంగునీళ్లు చిమ్మితే మీ సమస్య తుప్పు కాదు, గ్యాస్కెట్. ఆ సమయంలో ముఖం రంధ్రాల వైపు పెట్టకండి.

నీళ్లు రాక, ఇంజన్ కదలక ఉంటే తుప్పే. ఇంజన్ ఆగిన చోట ఏ సిలిండర్‌లో వాల్వు తెరిచి ఉంటుందో దానిలోకి తేమ చేరి, పిస్టన్ చుట్టూ ఉండే ఇనుప రింగును ఇనుప బోరుకు అతికిస్తుంది. అందుకే సాధారణంగా ఒకటో రెండో సిలిండర్లు మాత్రమే పట్టేస్తాయి. దీనికి నేను వాడేది ఆటోమేటిక్ గేర్‌బాక్సులలో పోసే ఏటీఎఫ్ ఆయిల్, అసిటోన్ సమపాళ్లలో కలిపినది. రెండూ త్వరగా విడిపోతాయి కనుక ప్రతిసారీ సీసాను బాగా కుదపాలి. అసిటోన్ ఆవిరి నిప్పురవ్వకే అంటుకుంటుంది. మోటార్‌హోమ్‌లో గ్యాస్ మీద నడిచే ఫ్రిజ్, హీటరు ఉంటాయి కాబట్టి ముందు గ్యాస్ సిలిండర్ వాల్వు కట్టేసి, బ్యాటరీ తీగలు తీసి, తలుపులన్నీ తెరిచి పెట్టాలి. ఈ ఒక్క జాగ్రత్త మరిచిపోతే ఇంజన్ కాదు, బండే పోతుంది.

ఈ ఇంజన్‌లో హీటర్ ప్లగ్ రంధ్రం నేరుగా పిస్టన్ మీదికి తెరుచుకోదు. మధ్యలో ప్రీచాంబర్ అనే చిన్న గది ఉంటుంది, దాని సన్నని రంధ్రాల గుండానే ద్రవం కిందికి దిగాలి. అందువల్ల సిరంజికి సన్నని గొట్టం తగిలించి, సిలిండర్‌కు 30 మిల్లీలీటర్ల చొప్పున, చుక్కచుక్కగా ఎక్కించాలి. మరునాటికి దిగిపోతే మళ్లీ ఎక్కించాలి. వారం పట్టినా ఆశ్చర్యపోనక్కర్లేదు. రోజుకు రెండుసార్లు కడ్డీని చేతి బలంతోనే నొక్కి చూడాలి, దానికి పైపు తగిలించి పొడవు పెంచకూడదు. నా వ్యానులో ఆరో రోజు సాయంత్రం, కొబ్బరి చిప్ప పగిలినట్టు చిన్న చప్పుడుతో కడ్డీ వేలెడు దూరం జరిగింది. ఆ క్షణంలో ఇంకా తిప్పాలని ప్రాణం లాగుతుంది కానీ ఆగాలి. జరిగినంత మేర ముందుకూ వెనక్కూ ఊపుతూ, మధ్యమధ్య ద్రవం ఎక్కిస్తూ, ఆ దూరాన్ని కొద్దికొద్దిగా పెంచుకోవాలి. వెనక్కి తిప్పేటప్పుడు పుల్లీ బోల్టు వదులయ్యే ప్రమాదం ఉంది, చేయి చాలా తేలికగా ఉండాలి.

పూర్తి చుట్టు తిప్పే ముందు వాల్వు కవరు విప్పండి. తెరుచుకున్నచోటే ఇరుక్కుపోయిన వాల్వు ఉంటే పైకొచ్చే పిస్టన్ దాన్ని గుద్దుతుంది. వాల్వులను నడిపే క్యామ్‌షాఫ్ట్‌కూ, వాల్వును నొక్కే రాకర్‌కూ మధ్య అసహజమైన ఖాళీ కనిపిస్తే అదే గుర్తు. ఒకరు కడ్డీ తిప్పుతుంటే మరొకరు వాల్వులను చూస్తూ ఉండడం మంచిది.

ఇంజన్ చేత్తో రెండు పూర్తి చుట్లు సాఫీగా తిరిగాక కూడా వెంటనే స్టార్ట్ చేయకూడదు. పోసిన ద్రవమంతా రింగుల పక్కగా ఆయిల్‌లోకి దిగి దాన్ని పలచన చేసి ఉంటుంది. ఆయిల్, ఫిల్టర్ మార్చండి. జర్మనీలో కొత్త ఆయిల్ అమ్మిన దుకాణమే అంత పరిమాణం పాత ఆయిల్‌ను తిరిగి తీసుకోవాలి, రసీదు దాచుకుంటే చాలు. ట్యాంకులోని పాత డీజిల్‌ను కూడా తీసేసి, ఫిల్టర్లు కొత్తవి వేయాలి. ప్లగ్గులు తీసే ఉంచి, రంధ్రాల మీద గుడ్డలు కప్పి, సెల్ఫ్‌తో కొద్దికొద్దిసేపు తిప్పి మిగిలిన ద్రవం బయటికి పోయేలా చేసి, ఆయిల్ ప్రెషర్ వచ్చాకే ముందుకు సాగాలి. అదే సందర్భంలో కంప్రెషన్ కొలిపించండి. 22 నుంచి 24 బార్లు ఉంటే ఆరోగ్యం, 15 కంటే తగ్గినా, సిలిండర్ల మధ్య తేడా 3 బార్లు దాటినా హెడ్డు విప్పక తప్పదు. అప్పుడు కూడా వేరే రకం ఇంజన్ పెట్టే ఆలోచనకు నేను ఒప్పుకోను. 30 ఏళ్లు నిండి మూలరూపం చెడని బండికి జర్మనీలో పాతకాలపు బండ్లకిచ్చే హెచ్ నంబరు ప్లేటు దొరుకుతుంది, దానితో పాత డీజిల్ బండిని రానివ్వని నగర పర్యావరణ మండలాలలోకి కూడా వెళ్లవచ్చు.

మొదటి స్టార్ట్‌కు ముందు డీజిల్ పంపు మీది స్టాప్ లీవరు స్వేచ్ఛగా కదులుతోందో లేదో వేలితో చూసుకోండి. నిలిచిపోయిన పంపులో, డీజిల్ ఎంత వెళ్లాలో నిర్ణయించే రాక్ పూర్తి సరఫరా వద్ద ఇరుక్కుపోయి ఉంటే ఇంజన్ అదుపు లేకుండా వేగం పుంజుకుంటుంది, తాళం తిప్పినా ఆగదు. అందుకని ఎయిర్ ఫిల్టర్ తీసి, గాలి లోపలికి వెళ్లే నోటికి సరిపోయే చదునైన చెక్కను ఒక మనిషి చేత పట్టించి పక్కన నిలబెట్టండి. చేత్తో మూయబోవద్దు. స్టార్ట్ అయ్యాక కాసేపు దట్టమైన తెల్లపొగ వస్తుంది, మిగిలిన నూనె కాలుతున్నంతసేపూ అది సహజమే. పది నిమిషాలు ఐడిల్‌లోనే ఉంచి, ఆపి, చల్లారాక ఆయిల్ మట్టం, కూలెంట్ మట్టం చూడండి. మొదటి వంద కిలోమీటర్లు తొందరపెట్టకుండా నడిపి, తుప్పు పొడి అంతా ఫిల్టర్‌లో చేరి ఉంటుంది కాబట్టి, ఆయిల్‌నూ ఫిల్టర్‌నూ మరొకసారి మార్చండి.