రొయ్యల ప్లాంట్లో మగాళ్ళతో సమానంగా జీతం అడగాలంటే

ఇది భీమవరం చుట్టుపక్కల రొయ్యల ప్లాంట్లలో చేసే ఆడవాళ్ళ కోసం రాస్తున్నానండి, కానీ కడియం నర్సరీల్లో కవర్లకి మట్టి నింపేవాళ్ళకీ, మోరి వైపు జీడిపప్పు పని చేసేవాళ్ళకీ కూడా పనికొస్తుంది.

"ఆడదానివి కాబట్టి తక్కువ" అని మొహం మీద ఎవరూ చెప్పరు, పనికి పేరు మార్చేస్తారంతే. నేను ఇదివరకు చేసిన చోట గ్రేడింగ్ టేబుల్ దగ్గర, అంటే రొయ్యల్ని సైజుల వారీగా వేరుచేసే చోట, నేను హెల్పర్ని, నా పక్కనే నిలబడి అదే కౌంట్ (కిలోకి ఎన్ని రొయ్యలో) చూసే కుర్రాడేమో గ్రేడర్. వాడికి పని నేర్పింది నేనే, ఆ మంట ఇంకా చల్లారలేదు లెండి.

అందుకే ముందు గొడవకి దిగకండి, పిల్లల పాత నోటుబుక్కు ఒకటి తీసుకోండి. రోజూ తేదీ, లోపలికెళ్ళిన టైము, బయటికొచ్చిన టైము, ఏం చేశారో రాయండి. "హెల్పర్ పని" అని రాస్తే దండగ, "ఉదయం తలలు తీశాం, మధ్యాహ్నం నుంచి గ్రేడింగ్, నాతోపాటు ఇద్దరు మగాళ్ళు అదే టేబుల్ మీద" అని రాయాలి. నెల రోజులు రాస్తే మీకే తెలిసిపోద్ది తేడా ఎక్కడుందో. మగాళ్ళు రోజంతా ఐస్, ట్రేలు మోస్తుంటే మాత్రం అది వేరే పని కిందకొస్తుంది, దానితో పోల్చుకుంటే మన మాట తేలిపోద్ది.

వాళ్ళ జీతమెంతో ఎలా తెలుస్తుంది అంటారా, పీఎఫ్ కడుతుంటే ఉమాంగ్ యాప్‌లో పాస్‌బుక్ ఉంటుంది, మామూలుగా మన వాటా 12 శాతం, అంటే నెలకి 1,200 కట్టయితే పీఎఫ్ లెక్కలో జీతం 10,000 అన్నమాట. నమ్మకస్తుడైన కుర్రాణ్ణి "తమ్ముడూ, నీది ఓసారి చూపించు" అనండి, చాలామంది చూపిస్తారు.

ఆడామగా సమాన జీతం చట్టం 1976లోనే వచ్చింది, ఇప్పుడు దాని చోట 2019 వేతనాల కోడ్ ఉంది, 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకొచ్చింది. ఒకే పనికే కాదు, అలాంటి పనికి కూడా, నైపుణ్యం, శ్రమ, అనుభవం, బాధ్యత ఒకటే అయితే ఆడామగా తేడా లేకుండా ఇవ్వాలి. పైగా సమానం చేసే వంకతో మగాళ్ళది తగ్గించకూడదు. "మాకు లాభాల్లేవమ్మా" అన్నా చెల్లదు, ఆడ స్టెనోగ్రాఫర్ల కేసులో 1987లోనే సుప్రీంకోర్టు ఆ సాకు ఒప్పుకోలేదు.

ఇక అడగడం. ఒక్కరే వెళ్ళొద్దు, నలుగురైదుగురు కలిసెళ్ళండి, కోపంగా ఉన్న రోజు అసలెళ్ళొద్దు. నోటితో అడిగాక అదే రోజు వాట్సాప్‌లో పెట్టండి: "సార్, మేము గ్రేడింగ్ టేబుల్ మీద మగవాళ్ళు చేసే పనే చేస్తున్నాం, జీతంలో తేడా ఎందుకో చెప్పండి, సరిచేయండి." అంతే, ఏడుపులూ బెదిరింపులూ వద్దు. "మగాడు ఇల్లు నడపాలి కదమ్మా" అంటారు చూడండి, ఆ మాటకి వాదన పెట్టుకోకుండా పుస్తకంలో తేదీతో సహా రాసేసుకోండి, తర్వాత అదే పనికొస్తుంది.

పదిహేను రోజులు చూసి లేబర్ ఆఫీసుకెళ్ళండి. అర్జీ రెండు కాపీలు రాయండి, ఒకటి వాళ్ళకిచ్చి రెండోదాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి. "రేపు రండి" అంటే "అలాగేనండి, ఈ ముద్ర కొట్టెయ్యండి వెళ్ళిపోతాం" అని అక్కడే కూర్చోండి.