సంక్రాంతి ఒకటే, అడిగేవాళ్లు ఎనిమిది మంది: లాడ్జిలో సెలవుల పట్టిక వేయడం

పేర్లు రాసే ముందు మనుషుల లెక్క తేల్చుకోండి. తిరుపతిలో ఒక మోస్తరు లాడ్జి రిసెప్షన్లో మూడు షిఫ్టులు, షిఫ్టుకి ఇద్దరు అనుకుందాం. రోజుకి ఆరు డ్యూటీలు, వారానికి 42. మనిషి వారానికి ఆరు డ్యూటీలు చేస్తాడు కాబట్టి వీక్లీ ఆఫ్‌లు సరిగ్గా ఇవ్వాలంటేనే ఏడుగురు కావాలి. ఎనిమిది మంది ఉంటే మిగిలేది ఒక్కరు. మామూలు వారంలో ఒకేసారి ఒక్కరికే సెలవు కుదురుతుంది. ఈ లెక్క గోడ మీద అంటిస్తే సగం వాదనలు అక్కడే ఆగిపోతాయి.

రద్దీ రోజుల్లో పొద్దున, సాయంత్రం ముగ్గురేసి నిలబడాలి. అప్పుడు వారానికి 56 డ్యూటీలు. ఎనిమిది మంది చేయగలిగేది 48. బ్రహ్మోత్సవాలకి, వైకుంఠ ద్వార దర్శనం రోజులకి సెలవు లేదని ముందే చెప్పేయండి, తగ్గే ఎనిమిది డ్యూటీలకి ఇద్దరు తాత్కాలిక మనుషుల్ని మాట్లాడుకోండి. 'చూద్దాంలే' అని మాత్రం అనొద్దు. ఆ మాట నమ్మి టికెట్ కొనుక్కున్నవాడు తర్వాత మీ మొహం చూడడు.

రద్దీ తేదీలు పోయిన ఏడాది పట్టిక నుంచి ఎత్తి రాస్తే దెబ్బతింటారు. అధికమాసం వచ్చిన ఏడు బ్రహ్మోత్సవాలు రెండుసార్లు జరుగుతాయి: 2023లో సెప్టెంబరు 18న ఒకటి, అక్టోబరు 15న ఇంకోటి మొదలయ్యాయి. వైకుంఠ ఏకాదశి 2025లో జనవరి 10న వచ్చి, మళ్లీ డిసెంబరు 30న వచ్చింది. నవంబరులో పంచాంగం ముందు పెట్టుకుని వచ్చే ఏడాదివి గుర్తు పెట్టండి.

ఇక సంక్రాంతి. భోగి నుంచి కనుమ దాకా అందరి వీక్లీ ఆఫ్‌లూ పక్కవారానికి జరిపితే ఇద్దర్ని ఊరికి పంపొచ్చు. ఆరుగురితో డ్యూటీలు నడుస్తాయి. ఏటా సీనియారిటీ ప్రకారమే ఇస్తే ఆ ఇద్దరూ ప్రతిసారీ వాళ్లే. చివర చేరినవాడికి ఎప్పటికీ రాదు, ఉద్యోగం మానేసేదీ వాడే. అలాగని సీనియారిటీని తీసి పారేయనక్కర్లేదు. పదేళ్లు చేసిన మనిషిని నిన్న వచ్చినవాడితో సమానంగా చీటీలు తియ్యమంటే మనసు కష్టపెట్టుకుంటాడు, అందులో తప్పూ లేదు. మొదటి ఏడాది వరస సీనియారిటీతో పెట్టండి. పండగ దొరికిన ఇద్దరూ మరుసటి ఏడాది ఆ పండగ వరసలో అడుక్కి దిగుతారు. నాలుగేళ్లలో ఎనిమిది మందికీ ఒక్కో సంక్రాంతి అందుతుంది.

మామూలు సెలవుల్ని రెండు విడతల్లో ఎంచుకోనివ్వండి. మొదటి విడతలో సీనియారిటీ వరసలో పైనుంచి కిందికి, రెండో విడతలో కిందినుంచి పైకి. విడతకి ఒక్కటే ముక్క, ఆరు రోజులు మించకుండా. ఆరు రోజులకి ఆ పక్కా ఈ పక్కా వీక్లీ ఆఫ్ తగిలిస్తే ఎనిమిదవుతుంది, అది పట్టికలో కనపడదు. ఒకవైపు ఆఫే కలపనివ్వండి.

సీనియారిటీ అంటే రిసెప్షన్లో చేరిన తేదీ. ఓనరుకి ఎన్నాళ్లుగా తెలుసన్నది లెక్కలోకి రాదు. మానేసి మళ్లీ వచ్చినవాళ్లకి రెండోసారి చేరిన తేదీ. ఒకే రోజు చేరినవాళ్లకి మాత్రం చీటీలు.

గంగమ్మ జాతర ఇక్కడ మీకు కలిసొస్తుంది. తిరుపతి వాళ్లు మే నెలలో జాతర మొదలవుతోందని చాటింపు అయ్యాక ఊరు దాటరు, వాళ్లకి జాతరే పెద్ద పండగ. పలమనేరు, పుంగనూరు నుంచి వచ్చినవాళ్లకి సంక్రాంతి ముఖ్యం. ఏది కావాలో ఒక్కటి ఎంచుకోమనండి. ముగ్గురు జాతర వైపు వెళ్తే సంక్రాంతి వరసలో ఐదుగురే ఉంటారు, మూడేళ్లలోపే అందరి వంతూ వస్తుంది. జాతరలో మొక్కుగా వేషం వేసేవాళ్లలో కొందరికి రోజంతా సెలవు అక్కర్లేదు, పొద్దుటి షిఫ్టు తప్పిస్తే పని జరిగిపోతుంది. అడిగి చూడండి. రంజాన్, క్రిస్మస్ కావాల్సినవాళ్లనీ ఇలాగే అడగండి, పేరు చూసి మీరే రాసేయొద్దు.

'పిల్లలున్నారు, నాకివ్వు' అన్న మాటకి మార్కులు వేయకండి. వేస్తే పెళ్లికానివాడు ప్రతి పండగకీ కౌంటర్లోనే ఉంటాడు. చావు, ఆస్పత్రి మాత్రం వరసకి బయటే. దినకర్మలకి వెళ్లినవాడి పండగ వంతు పోనివ్వొద్దు. పెళ్లి ముహూర్తం ఒక్కోసారి మూడు వారాల ముందే తెలుస్తుంది, అందుకే నెలకి రెండు రోజులు ఎవరికీ రాయకుండా అట్టిపెట్టండి.

డ్యూటీలు మార్చుకుంటే ఇద్దరి సంతకాలూ రిజిస్టరులో ఉండాలి, ఫోన్లో చెప్పుకుంటే చెల్లదు. రాత్రి పదింటి షిఫ్టుకి ఎవరూ రాని రోజున ఎవరి పేరు పట్టికలో ఉందో వాడిదే బాధ్యత అని పట్టిక కిందే రాయండి. సెలవు చీటీకి మూడు రోజుల్లో అవుననో కాదనో జవాబు. కాదంటే పక్కనే కారణం కూడా రాయండి: 'ఆ వారం ఇప్పటికే ఒకరు సెలవులో ఉన్నారు' అంటే చాలు.